సముద్రం దారి విడిచే కోట

అలీబాగ్ ఒడ్డున నిలబడి కోటకు దారేదని అడిగితే స్థానికులు ముందు గడియారం చూస్తారు. ఆ తర్వాతే సముద్రం వైపు చేయి చూపిస్తారు. కోట ఎదురుగానే ఉంటుంది. కానీ దారి ఉందా లేదా అన్నది వేళను బట్టి ఉంటుంది. ఒక పూట చూస్తే ఒడ్డుకూ కోటకూ మధ్య నీళ్లు ఎగిసిపడుతుంటాయి, పడవలు తిరుగుతుంటాయి. మరో పూట అదేచోట తడి ఇసుక, నాచు పట్టిన రాళ్లు, వాటి మీదుగా చెప్పులు చేత పట్టుకుని నడిచివెళ్లే జనం కనిపిస్తారు. గుర్రపు టాంగాలు కూడా చక్రాలు సగం మునిగే నీటిలోంచి సందర్శకులను మోసుకుపోతుంటాయి.

ఇదే కొలాబా కోట. మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లా కేంద్రమైన అలీబాగ్ తీరానికి ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో, సముద్రంలోని రాతి గుట్టపై ఉంది. పోటు మీద ఉన్నప్పుడు ద్వీపం. పాటు తీసినప్పుడు నేలతో కలిసిన కోట. రోజుకు రెండుసార్లు ఈ మార్పు జరుగుతూనే ఉంటుంది. లోపల ఒక దర్గా, ఒక ఆలయం, మంచినీటి బావి, కూలిన మహళ్ల పునాదులు ఉన్నాయి. ముంబయి వెళ్లే తెలుగువారిలో చాలామంది హాజీ అలీ దర్గాను దర్శించుకునే వస్తారు. అక్కడా పోటు ఎక్కువగా ఉన్న వేళ దర్గాకు వెళ్లే బాట మీదికి నీళ్లు వస్తాయి. అదే సముద్రంలో కొంచెం దక్షిణాన ఉన్న ఈ కోట సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ.

పేరు విషయంలో ఒక మాట. ముంబయిలోనూ కొలాబా అనే పేట ఉంది. అది వేరు, ఇది వేరు. అలీబాగ్ జిల్లాకు కూడా 1981 వరకు కొలాబా జిల్లా అనే పేరు. ఆ ఏడాది దాన్ని రాయగఢ్‌గా మార్చారు. ఇక అలీబాగ్ అంటే అలీ తోట. ఇక్కడ బావులు తవ్వించి తోటలు వేయించిన అలీ అనే సంపన్నుడి పేరు మీద ఊరు వెలిసిందంటారు. ఆయన ముస్లిం అని కొందరు చెబితే, కొంకణ్ తీరంలో శతాబ్దాలుగా స్థిరపడిన బెనే ఇజ్రాయెల్ యూదుడని మరికొందరు చెబుతారు. ఎవరైనా కానీ, నీళ్లిచ్చినవాడి పేరు ఊరికి నిలిచిపోయింది.

చంద్రుడి లెక్క

ఈ కోటకు వెళ్లాలంటే తేదీల క్యాలెండర్ కంటే చంద్రుడి క్యాలెండర్ ఎక్కువ ఉపయోగం. నెలవంకను చూసి నెల మొదలుపెట్టే ముస్లిం కుటుంబాలకు ఈ లెక్క కొత్త కాదు. జాలరులకు అది తిథుల లెక్క, మనకు హిజ్రీ తేదీల లెక్క. చంద్రుడు ఒక్కడే.

చంద్రుడు, సూర్యుడు సముద్రజలాలను తమవైపు లాగడం వల్ల ఆటుపోట్లు వస్తాయి. ఇందులో చంద్రుడి పాలే ఎక్కువ. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేలోగా చంద్రుడు కొంత ముందుకు జరుగుతాడు. అందుకే అదే చంద్రుడు మళ్లీ నెత్తిమీదికి రావడానికి సుమారు 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఒక పోటుకూ దాని తర్వాతి పాటుకూ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు. నిన్న ఉదయం 8 గంటలకు నీరు బాగా తీసిందంటే ఈరోజు దాదాపు 8.50కి తీస్తుంది. నిన్న వెళ్లివచ్చినవారి మాట విని అదే వేళకు బయల్దేరితే లెక్క తప్పుతుందన్నమాట.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రులు ఒకే వరుసలో ఉంటారు కనుక రెండు లాగుళ్లూ కలుస్తాయి. పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. దీని జోరు ఒకటి రెండు రోజుల తర్వాత ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. అంటే హిజ్రీ నెల మొదటి మూడు రోజులు, మళ్లీ 15 నుంచి 17 వరకు సముద్రం బాగా వెనక్కి తగ్గి కోట బాట చక్కగా తేలే రోజులు. అర్ధచంద్రుడు కనిపించే 8, 22 తేదీల సమీపంలో పోటూ చిన్నదే, పాటూ చిన్నదే. ఆ రోజుల్లో నీరు పూర్తిగా తీయక మోకాలి లోతు మిగిలిపోవచ్చు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ముంబయి, అలీబాగ్ తీరాల్లో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా తీసేది దాదాపు ఉదయం 6, సాయంత్రం 6 ప్రాంతాల్లో. మిట్టమధ్యాహ్నం ఆ రోజుల్లో నిండు పోటు. ఆ తర్వాత రోజుకు ముప్పావు గంట చొప్పున వేళ వెనక్కి జరుగుతుంది. అందుకే పున్నమి లేదా అమావాస్య వెళ్లిన మూడు నాలుగు రోజులకు ఉదయం 8, 9 గంటల ప్రాంతంలో బాట తేలుతుంది. కుటుంబంతో వెళ్లేవారికి ఇవే అనువైన రోజులు. అయితే ఇది అంచనా లెక్క మాత్రమే. ఆనాటి ఆటుపోట్ల పట్టిక చూసుకుని, ఒడ్డున ఉండేవారిని అడిగి మరీ దిగాలి.

మన కోస్తావారు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో పోటుకూ పాటుకూ మధ్య తేడా పెద్ద రోజుల్లో కూడా సుమారు మీటరున్నరకు మించదు. సముద్రం పక్కనే పుట్టిపెరిగినవారికి కూడా అంతే తెలుసు. ముంబయి వైపు ఆ తేడా పెద్ద రోజుల్లో నాలుగైదు మీటర్లు. మన ఊళ్లో మోకాలు తడిపే నీరు అక్కడ రెండు నిలువుల లోతవుతుంది.

నీరు ఒకే వేగంతో రాదు

కోట చూడడానికి వెళ్లినవారు చిక్కుకుపోయేది సముద్రం కోపం వల్ల కాదు, దాని నిదానం వల్ల. నావికులకు ఒక పాత లెక్క ఉంది. పోటు ఆరు గంటలు ఎక్కుతుందనుకుంటే మొత్తం ఎత్తును పన్నెండు పాళ్లు చేయండి. మొదటి గంటలో పెరిగేది ఒక పాలు. రెండో గంటలో రెండు పాళ్లు. మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు. ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి.

నాలుగు మీటర్లు ఎక్కే రోజున ఈ లెక్క వేసి చూడండి. మొదటి గంటలో పెరిగే నీరు అడుగుకు కాస్త ఎక్కువ. కోట గోడ మీదినుంచి చూసేవారికి ఆ తేడా కనిపించదు. ఇంకా చాలా సమయముంది, ఫొటోలు తీసుకుందాం అనిపిస్తుంది. రెండో గంటలో రెండడుగులు పెరుగుతుంది. మూడో గంటలో ఏకంగా మీటరు. పైగా సముద్రపు నేల బల్లపరుపుగా ఉండదు. మనం నిలబడిన మెరక పొడిగానే ఉండగా మనకూ ఒడ్డుకూ మధ్య ఉన్న పల్లాలు ముందుగా నిండుతాయి. వెనక్కి తిరిగేసరికి పిల్లల నడుం దాటిన నీరు ఎదురవుతుంది.

ఈ సముద్రం ఎవరిది?

ఇంత ఇబ్బందికరమైన చోట కోట ఎందుకు కట్టారు? ఆ ఇబ్బందే దానికి రక్ష కనుక. పోటు వేళ కాలిబలం రాలేదు, పాటు వేళ పెద్ద ఓడ దగ్గరికి రాలేదు.

కొంకణ్ తీరానికి ముస్లింలతో ఉన్న అనుబంధం ఈ కోట కంటే చాలా పాతది. అలీబాగ్‌కు దక్షిణాన ఉన్న చౌల్ ప్రాచీన రేవు. అరబ్బు యాత్రికులు దాన్ని సైమూర్ అన్నారు. చరిత్రకారుడు అల్ మసూదీ హిజ్రీ 304లో, అంటే క్రీ.శ. 916 ప్రాంతంలో అక్కడికి వచ్చాడు. అప్పటికే అక్కడ సుమారు పదివేల మంది ముస్లింలు స్థిరపడి ఉన్నారని రాశాడు. వారు దండెత్తి వచ్చినవారు కారు. వర్తకానికి వచ్చి, ఇక్కడే కుటుంబాలు ఏర్పరచుకున్నవారు. తర్వాతి కాలంలో ఈ తీరం అహ్మద్‌నగర్ నిజాంషాహీల, బీజాపూర్ ఆదిల్‌షాహీల చేతుల్లో ఉంది. ఆ తర్వాత మరాఠాల చేతికి వచ్చింది.

శివాజీ ఈ రాతి గుట్ట మీద కోట పనులను 1680 మార్చిలో మొదలుపెట్టించాడు. కొద్ది రోజులకే, ఏప్రిల్‌లో, ఆయన చనిపోయాడు. కుమారుడు శంభాజీ 1681లో కోటను పూర్తి చేయించాడు. అప్పుడు మరాఠాలకు సముద్రంలో పెద్ద అడ్డంకి జంజీరా. అలీబాగ్‌కు దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో మురుద్ దగ్గర ఉన్న ఆ దీవి కోటను ఏలింది సిద్దీలు. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీ ముస్లింలు వారు. 1670 ప్రాంతంలో మొగలుల కొలువులో చేరి, వారి నౌకాబలానికి అధిపతులయ్యారు. సూరత్ నుంచి మక్కా యాత్రికులతో బయల్దేరే ఓడలకు కాపలా కాసే బాధ్యత కూడా వారిదే.

ఇక్కడొక సంగతి చాలా ఆసక్తికరం. 1682లో శంభాజీ జంజీరాను పట్టుకోవాలని ఒడ్డునుంచి దీవి వరకు రాళ్లు, మట్టి పోయించి సముద్రంలో బాట వేయించే ప్రయత్నం చేశాడు. ఇంతలో మొగలు సేనలు కొంకణ్ మీదికి రావడంతో ఆ పని వదిలి వెళ్లాల్సివచ్చింది. కొలాబా దగ్గర ఎవరూ అడక్కుండానే రోజుకు రెండుసార్లు తేలే దారి, జంజీరా దగ్గర ఒక రాజు తలచుకున్నా తేలలేదు.

ఈ యుద్ధాలను ఇప్పుడు కొందరు హిందూ ముస్లిం పోరుగా చెప్పేస్తుంటారు. కొలాబా తీరం చరిత్ర అందుకు ఒప్పుకోదు. 1679లో కొలాబాకు ఉత్తరాన ఉన్న ఖాందేరీ దీవి కోసం పెద్ద నౌకాయుద్ధం జరిగింది. ఒకవైపు మరాఠాలు, మరోవైపు ఇంగ్లిషువారు, వారికి తోడు సిద్దీలు. మరాఠా నౌకలను నడిపించినవాడి పేరు దౌలత్ ఖాన్. శివాజీ నౌకాబలంలో ప్రముఖ సేనాని అతడు. ఒకే మతంవారు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. ఇంగ్లిషువారికి సిద్దీలు ఒకసారి మిత్రులు, ఇంకోసారి తలనొప్పి. ఆ పోరంతా రేవుల కోసం, పన్నుల కోసం, ఓడలకు అనుమతి చీటీ ఎవరివ్వాలన్న దాని కోసం.

ఆంగ్రేల రోజులు

కొలాబా పేరు ఓడలవారి గుండెల్లో దడ పుట్టించింది కాన్హోజీ ఆంగ్రే కాలంలో. 1713లో పీష్వా బాలాజీ విశ్వనాథ్‌తో కుదిరిన ఒడంబడికతో కొలాబాతో సహా ఎన్నో కోటలు ఆయన చేతికి వచ్చాయి. మరాఠా నౌకాబలానికి అధిపతిగా ఆయన బిరుదు సర్‌ఖేల్. తన దస్తక్ లేని ఓడను ఆయన పోనిచ్చేవాడు కాదు. ఇంగ్లిషువారు ఆయన్ను సముద్రపు దొంగ అన్నారు. తమ చీటీ లేని ఓడలను పట్టుకునే పద్ధతిని ఈ తీరంలో పోర్చుగీసులు రెండు వందల ఏళ్లుగా నడుపుతూనే ఉన్నారు. మక్కా వెళ్లే ఓడలూ వారి చీటీ తీసుకోవాల్సి వచ్చేది. చీటీ ఇచ్చేవాడు యూరపువాడైతే చట్టం, స్థానికుడైతే దొంగతనం!

1721లో ఇంగ్లిషువారు, పోర్చుగీసులు కలిసి కొలాబా మీదికి వచ్చారు. నేల మీద పోర్చుగీసు సేన, సముద్రం మీద ఇంగ్లిషు యుద్ధనౌకలు. అయినా కోట లొంగలేదు. బయటివారి ఫిరంగులకు నిలిచిన ఈ బలం ఇంటిపోరుకు నిలవలేదు. 1729 జులై 4న కాన్హోజీ మరణించాక కొడుకుల మధ్య వారసత్వ తగాదాలు మొదలయ్యాయి. పీష్వాలు ఇంగ్లిషువారితో చేయి కలిపారు. 1756లో విజయదుర్గ్ దగ్గర తుళాజీ ఆంగ్రే నౌకలన్నీ తగలబడ్డాయి. తమ నౌకలను తామే పోగొట్టుకున్న దేశం ఆ తర్వాత సముద్రం మీదినుంచి వచ్చినవారిని ఆపలేకపోయింది.

లోపల ఏమున్నాయి

కోట గోడలు సగటున 25 అడుగుల ఎత్తు. ప్రధాన ద్వారాలు రెండు. ఒకటి అలీబాగ్ వైపు, ఒకటి సముద్రం వైపు. ద్వారం రాళ్ల మీద ఏనుగు, పులి, నెమలి బొమ్మలు చెక్కి ఉన్నాయి. గోడల కింది వరుసల్లో పెద్ద పెద్ద రాళ్లను సున్నం లేకుండా పేర్చారు. అల వచ్చి కొట్టినప్పుడు నీరు రాళ్ల సందుల్లోకి పోయి, దెబ్బ జోరు తగ్గి, తిరిగి జారిపోతుంది. మూడు శతాబ్దాలు దాటినా గోడ నిలిచిందంటే ఆ పనివారి చలవే. వారి పేర్లు ఎక్కడా చెక్కి లేవు.

ఉత్తరం గోడ మీద చక్రాలున్న ఇనుప ఫిరంగులు రెండున్నాయి. చూసినవారు ఇవి ఆంగ్రేలవే అనుకుంటారు. వాటి మీది అక్షరాలు చదివితే ఇంగ్లండులోని యార్క్‌షైర్ కార్ఖానాలో తయారైనట్టు తెలుస్తుంది. అంటే కోట పరులపాలయ్యాక వచ్చిన ఫిరంగులవి.

లోపల 1759లో రఘూజీ ఆంగ్రే కట్టించిన సిద్ధివినాయక ఆలయం ఉంది. మరికొన్ని చిన్న గుళ్లున్నాయి. ఆ ప్రాకారంలోనే హాజీ కమాలుద్దీన్ షా దర్గా ఉంది. చుట్టూ ఉప్పునీరే అయినా కోటలోని బావిలో మంచినీళ్లు ఊరుతాయి. గుడికి వచ్చినవారు, దర్గాకు వచ్చినవారు దిగేది ఒకే బాటలో, ఒకే వేళకు. పోటు ముంచుకొస్తుందంటే ఇద్దరూ తిరిగి వెళ్లాల్సిందే.

ఈ తీరం నుంచి ఖిబ్లా పడమరగా, కొంచెం ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. అంటే దర్గా దగ్గర నమాజుకు నిలబడినవారికి ఎదురుగా గోడ, ఆ అవతల అరేబియా సముద్రమే. ఒకప్పుడు తెలుగు జిల్లాల నుంచి, హైదరాబాద్ నుంచి హజ్‌కు వెళ్లేవారు బొంబాయిలో ఓడ ఎక్కేవారు. 1995తో ఆ ఓడ ప్రయాణాలు ఆగిపోయాయి. మన తాతలు, నానమ్మలు నెలల తరబడి కూడబెట్టుకున్న సామానుతో ఈ నీటి మీదినుంచే పడమరకు సాగిపోయారు.

వేలంలో పోయిన మహళ్లు

ఇంత పెద్ద కోటలో మహళ్లు ఏమయ్యాయి? 1729లో పింజరా బురుజు దగ్గర నిప్పంటుకుని చాలా కట్టడాలు కాలిపోయాయి. 1787లో మళ్లీ నిప్పు. ఈసారి ఆంగ్రేల వాడా పోయింది. వారసుడు లేడన్న కారణంతో 1840లో ఇంగ్లిషువారు కొలాబా సంస్థానాన్ని కలిపేసుకున్నారు. 1842లో లోపల మిగిలిన కలపను వేలం వేశారు. రాళ్లను తీసుకెళ్లి అలీబాగ్ నీటి సరఫరా పనులకు వాడారు. రెండు రాజ్యాల నౌకలు కలిసి వచ్చినా పడని కోట, గుమాస్తా వేలం పాటలో ముక్కలైంది. గుడి, దర్గా, బావి మాత్రం మిగిలాయి. జనం వస్తూనే ఉన్నారు కనుక అవి నిలిచాయి.

ఇప్పుడు కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన మరాఠా కోటల్లో పొరుగున ఉన్న ఖాందేరీ ఉంది కానీ, కొలాబా లేదు. కాబట్టి దీన్ని కాపాడే భారం సందర్శకుల మీద కూడా ఉంది. గోడల మీద పేర్లు గీకడం, బావిలో చెత్త వేయడం, దర్గాకు తెచ్చిన అగరుబత్తి కవర్లను అక్కడే వదిలేయడం మానాలి. అక్కడ పడేసినదాన్ని పోటు ఊరికే తీసుకుపోదు. చేపల కడుపులోకి, మళ్లీ ఒడ్డుకే చేరుస్తుంది.

వెళ్లేవారికి

హైదరాబాద్ నుంచి ముంబయికి రాత్రి రైళ్లున్నాయి. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర లాంచీ ఎక్కితే సుమారు గంటలో మాండ్వా జెట్టీ. అక్కడినుంచి అలీబాగ్ 20 కిలోమీటర్లు. వాహనంతో దాటాలనుకునేవారికి 2020 నుంచి ముంబయి భావుచా ధక్కా నుంచి మాండ్వాకు రోరో నౌక ఉంది. రోడ్డు మీదుగా పెణ్ నుంచి కూడా రావచ్చు. వానాకాలంలో గేట్‌వే లాంచీలు ఆగిపోతాయి. ఆ నెలల్లో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు, కోటకు నడిచి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

నీరు పూర్తిగా తీసే వేళకు గంట, గంటన్నర ముందు బయల్దేరండి. ఆ వేళ దాటిన అరగంటకల్లా కోట ద్వారం బయట ఉండండి. జారని, తడిసినా ఫరవాలేని చెప్పులు వేసుకోండి. రాళ్లకు అంటుకున్న గవ్వలు కాళ్లను కోస్తాయి. వృద్ధులను, చంటిపిల్లలను టాంగాలో పంపడం మేలు. మధ్యలో చిక్కుకుంటే నీటికి ఎదురీదవద్దు. కోటలోనే ఆగి పడవ కోసం గానీ, తర్వాతి పాటు కోసం గానీ చూడండి. కొన్ని గంటలు ఆకలితో ఉండడం ప్రాణం కంటే ఎక్కువ కాదు. జుమా రోజున వెళ్లేవారు ఉదయం పాటుకే వెళ్లి, వేళకు ఊళ్లోని మసీదుకు చేరేలా చూసుకోవాలి. ఆ రోజు పాటు మధ్యాహ్నమైతే ప్రయాణాన్ని మరునాటికి వాయిదా వేసుకోవచ్చు. కోట ఎక్కడికీ పోదు.

ఈ నీటి కోసం సుల్తానులు, సర్‌ఖేల్‌లు, కంపెనీవారు కొట్టుకున్నారు. చీటీలు ఇచ్చినవారూ పోయారు, పుచ్చుకున్నవారూ పోయారు. దారి తెరిచేది, మూసేది ఇప్పటికీ చంద్రుడి లెక్క ప్రకారమే. ఆ లెక్కను గౌరవించి నడిచేవారికి కొలాబా ఒక పూట చరిత్రను చేతిలో పెడుతుంది. పిల్లలను వెంట తీసుకెళ్లండి. దౌలత్ ఖాన్ ఎవరి పక్షాన పోరాడాడో, గుడీ దర్గా ఒకే గోడల మధ్య ఎలా ఉన్నాయో అక్కడే నిలబెట్టి చెప్పండి. నీరు తిరగకముందే వెనక్కి తీసుకురండి.